ఏ నీళ్లు, ఎక్కడి అడుగులు: ఏఐ ఏజెంట్లకి టూల్ డిస్క్రిప్షన్ రాయడం

“నీళ్లొచ్చాయా?” అని ఏప్రిల్‌లో ఖమ్మంలో అడిగితే అది మున్సిపల్ నల్లా గురించి. పాలేరు కింద పొలం ఉన్న రైతు పక్క రైతుని అడిగితే సాగర్ ఎడమ కాల్వ గురించి. జులైలో భద్రాచలంలో ఉన్న చుట్టాలకి ఫోన్ చేసి అడిగితే గోదారి గురించి. మాట ఒక్కటే. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లెవరూ “ఏ నీళ్లు?” అని ఎదురు అడగరు. నెల, ఊరు, అడిగే మనిషి, ఈ మూడూ కలిసి మిగతా సగం వాక్యం చెప్పేస్తాయి.

ఆ మిగతా సగం తెలియని కొత్త పనివాడికి మనం ఇప్పుడు పనులు అప్పజెప్తున్నాం. ఏఐ ఏజెంట్ అంటే అదే. దానికి పని ఎలా వివరించాలి అన్నదే ఈ వ్యాసం. మన క్లబ్‌లో సివిల్, మెకానికల్ వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ముందు అసలు సంగతి కొంచెం చెప్తా. సీఎస్ఈ వాళ్లు ఈ రెండు పేరాలూ దాటేసి నేరుగా గోదారి దగ్గరికి వెళ్లిపోవచ్చు.

చాట్‌బాట్ వెనక ఉండే లాంగ్వేజ్ మోడల్ పని ముఖ్యంగా చదవడం, రాయడం. ఈ రోజు గోదావరి ఎంత ఉందో దానికి తెలియదు, ఎందుకంటే దాని చదువు ఎప్పుడో ఒక తేదీ దగ్గర ఆగిపోయింది. అందుకే దానికి కొన్ని ఫంక్షన్లు ఇస్తాం. వాటినే టూల్స్ అంటున్నారు. మోడల్ ఆ ఫంక్షన్‌ని తానే నడపదు. “ఫలానా టూల్‌ని ఫలానా విలువలతో పిలవండి” అని ఒక పద్ధతిలో రాసిస్తుంది. మన ప్రోగ్రామ్ అది చదివి, ఫంక్షన్ నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ మోడల్ ముందు పెడుతుంది. అది చూసి ఇంకో టూల్ పిలవాలా, మనిషికి సమాధానం చెప్పాలా అని మోడల్ తేల్చుకుంటుంది. ఈ చక్రం ఇలా తిరుగుతూ పని పూర్తి చేస్తే దాన్ని ఏజెంట్ అంటాం. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తన ఏపీఐలో ఫంక్షన్ కాలింగ్ పెట్టింది. ఒకసారి రాసిన టూల్‌ని రకరకాల ఏజెంట్లు వాడుకునేలా ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది.

ఇందులో మనకి కావాల్సిన ముక్క ఏంటంటే, మోడల్‌కి మన కోడ్ కనిపించదు. కనిపించేవి మూడే: టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఏ పారామీటర్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా. మన ఇళ్లలో వంటింటి అల్మారా గుర్తు చేసుకోండి. హార్లిక్స్ సీసాలో జీలకర్ర, బోర్న్‌విటా డబ్బాలో కందిపప్పు. అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లు “నేను టీ పెడతా, నువ్వు కూర్చో” అని లోపలికి వెళ్లినప్పుడు తెలుస్తుంది అసలు కథ. ఏజెంట్ ఎప్పుడూ ఆ చుట్టమే. మన వంటింట్లోకి ప్రతిసారీ కొత్తగా అడుగుపెడుతుంది, సీసా మీద ఏం రాసుంటే అదే నమ్ముతుంది.

48.77 అంటే ఎంత?

మా బ్యాచ్‌లో నలుగురం గోదావరి వరద సమాచారం చెప్పే బాట్ ఒకటి కడుతున్నాం. ఫోన్‌లో తెలుగులో అడిగితే తెలుగులో చెప్పాలి, అంతే. అలాంటి బాట్‌కి ఎవరైనా మొదట రాసే టూల్ డిస్క్రిప్షన్ ఇలా ఉంటుంది: “గోదావరి నీటిమట్టం ఇస్తుంది.” వాక్యంలో తప్పు లేదు. అబద్ధం కూడా లేదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు పిల్లలకి ఎక్కాలతో పాటు వచ్చేసే అంకెలు ఇవి. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులు ఇప్పటికీ రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. ఇవన్నీ భద్రాచలం గేజ్ మీద చదివిన అడుగులు. కానీ కేంద్ర జల సంఘం తన వరద సమాచారాన్ని మీటర్లలో ఇస్తుంది, అదీ సముద్ర మట్టం నుంచి లెక్కేసి. ఆ లెక్కలో భద్రాచలానికి హెచ్చరిక స్థాయి 45.72 మీటర్లు, ప్రమాద స్థాయి 48.77 మీటర్లు, 1986 రికార్డు 55.66 మీటర్లు.

క్యాలిక్యులేటర్ తీయండి. 45.72 మీటర్లంటే 150 అడుగులు. అందులోంచి మన 43 తీసేస్తే 107. 48.77 మీటర్లంటే 160 అడుగులు, 53 తీసేస్తే మళ్లీ 107. 55.66 మీటర్లంటే 182.6 అడుగులు, 75.6 తీసేస్తే అప్పుడూ 107. అంటే భద్రాచలం గేజ్ మీద సున్నా ఉన్న చోటు సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉంది. రెండు లెక్కలూ ఒకే నదివి, ఒకే చోటువి, రెండూ కరెక్టే. (ఈ తీసివేత మొదటిసారి చేసినప్పుడు మూడుసార్లూ 107 రావడం చూసి నాకు భలే ఆనందమేసింది. ఇంజినీరింగ్‌లో ఇలాంటి సుఖాలు తక్కువ.)

మన టూల్ ఆ మీటర్ల లెక్క తెచ్చి 48.77 అని మాత్రమే ఇచ్చింది అనుకోండి. యూనిట్ లేదు. మోడల్ ఎక్కడో చదివిన 43, 48, 53 దాని దగ్గర ఉన్నాయి. పోల్చి చూసి, “నీటిమట్టం 48.77 అడుగులు. రెండో హెచ్చరిక దాటింది. మూడో హెచ్చరికకి ఇంకా నాలుగు అడుగుల పైనే ఉంది” అని చక్కటి తెలుగులో, ధీమాగా చెప్తుంది. నిజానికి ఆ నిమిషంలో గోదారి 53 దగ్గర ఉంది. మూడో హెచ్చరిక వచ్చేసింది. 48కీ 53కీ మధ్య ఉన్న ఆ అయిదు అడుగుల్లోనే లోతట్టు ఊళ్లకి రోడ్లు మునుగుతాయి. బండి మీద బయటపడాలా, పడవ కోసం చూడాలా అన్నది అక్కడే తేలుతుంది.

ఇంకా ఘోరం ఏంటంటే, వరద పెరిగే కొద్దీ ఈ పొరపాటు కూడా పెరుగుతుంది. 43 నుంచి 75.6 దాకా నది 32 అడుగులకి పైగా లేస్తే, ఈ బాట్ లెక్కలో 45.72 నుంచి 55.66 దాకా, అంటే పది అడుగులు మాత్రమే లేచినట్టు కనిపిస్తుంది. అంకె 500 అనో 3 అనో వచ్చి ఉంటే చూసినవాళ్లకి అనుమానం వచ్చేది. నలభైల్లో, యాభైల్లో వచ్చేసరికి ఎవరికీ రాదు.

సరే, “మీటర్లలో” అన్న ఒక్క మాట చేర్చాం అనుకోండి. మోడల్ బుద్ధిగా అడుగుల్లోకి మారుస్తుంది. “ప్రస్తుతం నీటిమట్టం 160 అడుగులు, 1986 రికార్డుకి రెట్టింపు కంటే ఎక్కువ” అంటుంది. ఊరంతా పరుగులు పెట్టాలి, లేదా ఆ బాట్‌ని ఇంకెప్పుడూ ఎవరూ నమ్మకూడదు. అంటే యూనిట్ చెప్పడం చాలదు. ఎక్కడ నుంచి కొలిచారో కూడా చెప్పాలి. ఈ మాట సివిల్ వాళ్లకి కొత్త కాదు, డేటమ్ అని సర్వేయింగ్‌లో చదువుకుంటారు. మా సీఎస్ఈ సిలబస్‌లో మాత్రం అంకె అంటే అంకె, అంతే.

నేను రాసుకున్న డిస్క్రిప్షన్ ఇది:

“భద్రాచలం గేజ్ దగ్గర గోదావరి తాజా నీటిమట్టం ఇస్తుంది. ‘గేజ్ అడుగులు’ అనేది స్థానికంగా ప్రకటించే లెక్క. 43, 48, 53 అడుగుల హెచ్చరికలతో దీన్నే పోల్చాలి. ‘సముద్ర మట్టం మీటర్లు’ అనేది కేంద్ర జల సంఘం లెక్క. దీన్ని ఆ హెచ్చరికలతో పోల్చకూడదు, అడుగుల్లోకి మార్చి చెప్పకూడదు. ‘కొలిచిన సమయం’ భారత కాలమానంలో ఉంటుంది. అది మూడు గంటల కంటే పాతదైతే ఆ మాటే ముందు చెప్పాలి. ‘ధోరణి’ పెరుగుతోంది, తగ్గుతోంది, నిలకడగా ఉంది అనే మూడింటిలో ఒకటి. ఇది కొలిచిన మట్టం, రాబోయే అంచనా కాదు. రేపు ఎంత వస్తుంది అని అడిగితే ఈ టూల్ వాడొద్దు. మున్నేరు, కిన్నెరసాని, తాలిపేరు గురించి అడిగినా వాడొద్దు.”

ధోరణి ఎందుకు పెట్టానంటే, ఎక్కుతూ 43 దగ్గర ఉన్న గోదారి, దిగుతూ 43 దగ్గర ఉన్న గోదారి ఒకటి కాదు. మొదటిది హెచ్చరిక పెట్టే వేళ, రెండోది హెచ్చరిక తీసేసే వేళ. అంచనా గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, మోడల్‌కి ఊహించడం మహా సరదా. ఎగువన పేరూరు దగ్గర మట్టం ఇస్తే అందులోంచి భద్రాచలానికి రేపటి లెక్క అల్లేస్తుంది. కానీ ఇక్కడి మట్టం ఎగువ నీళ్లతోనే తేలదు. చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తితే ఆ నీళ్లూ కలుస్తాయి. దిగువన కూనవరం దగ్గర శబరి పోటు మీద ఉంటే గోదారి కిందికి జారలేక ఎగదన్ని ఇక్కడే నిలబడుతుంది. అంచనా చెప్పే పని అంచనా కట్టే వాళ్లది. మన టూల్‌ది కాదని డిస్క్రిప్షన్‌లోనే చెప్పేయాలి.

నా మట్టుకు ఇందులో అన్నిటికంటే విలువైనవి చివరి రెండు “వాడొద్దు” వాక్యాలు. టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో రాసేవాళ్లు తక్కువ. ఖమ్మంలో మున్నేరు ఉంది కదా, 2024 సెప్టెంబర్ 1న కాలనీల మీద పడిందే, ఆ మున్నేరుకి మొదటి హెచ్చరిక 16 అడుగులకి, రెండోది 24కి. ఖమ్మంలో ఉన్నవాళ్లు “మొదటి హెచ్చరిక వచ్చిందా?” అని అడిగితే ఏజెంట్ గోదావరి టూల్ తీసి, “లేదు, ఇంకా 43 రాలేదు” అంటే ఏం కావాలి? ఆ “మొదటి హెచ్చరిక” అనే రెండు మాటలు భద్రాచలంలో ఒక అంకె, ఖమ్మంలో ఇంకో అంకె. అందుకే స్థలం అనే పారామీటర్‌ని ఖాళీగా వదలకుండా, స్కీమాలోనే పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం అని జాబితా కట్టి ఇవ్వడం మంచిది. అప్పుడు మోడల్ సొంత పేర్లు పుట్టించదు. ఒక్కో చోటి సున్నా వేరు కాబట్టి ఒకచోటి అడుగుల్ని ఇంకోచోటి అడుగులతో పోల్చొద్దని కూడా అక్కడే రాయాలి.

అనంతపురం పరీక్ష

డిస్క్రిప్షన్ బాగుందో లేదో చూడటానికి నేను కనిపెట్టిన పద్ధతికి ఖర్చు లేదు. నా రూమ్మేట్‌ది అనంతపురం. వాడికి గోదారి అంటే సినిమాల్లో చూసిందే. టూల్ డిస్క్రిప్షన్‌నీ, టూల్ ఇచ్చిన జవాబునీ ఒక కాగితం మీద రాసి వాడి చేతిలో పెడతా. ఇంకేం చెప్పను. బూర్గంపాడు నుంచి మా పెద్దమ్మ అడిగినట్టు ప్రశ్నలు అడుగుతా. వాడు జవాబు చెప్పాలి. వాడు నన్ను ఎదురు ప్రశ్న వేశాడంటే, డిస్క్రిప్షన్‌లో అక్కడ ఒక వాక్యం తగ్గిందన్నమాట.

“ఏరా, గోదారి ఎంతకొచ్చింది?” అని మొదలుపెట్టా.

“యాభై ఒకటి అడుగులు. అడుగులంటే యాడ నుంచి రా? నది అడుగు నుంచా?”

“కాదు మామ, గేజ్ సున్నా నుంచి.”

“అది నాకెట్లా తెలుస్తాది?”

నిజమే. 51 అడుగులంటే నది లోతు 51 అడుగులు అని కాదు. లోతు ఎంత అని ఎవరైనా అడిగితే ఏజెంట్ ఈ అంకెనే తీసి ఇచ్చేస్తుంది. “ఇది నది లోతు కాదు” అని ఒక వాక్యం చేరింది. తర్వాత వాడే ఇంకో ప్రశ్న వేశాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

“రాత్రి యాభై రెండు, ఇప్పుడు తగ్గుతాంది అంటాంది. అంటే పెద్దమ్మ బయటికి పోవచ్చునా, పోగూడదా?”

ఆ టూల్‌కి రోడ్డు గురించి ఏమీ తెలియదు. మట్టం దిగుతున్నా రోడ్డు మీద నీళ్లు ఉండొచ్చు, బురద ఉండొచ్చు, కల్వర్టు కొట్టుకుపోయి ఉండొచ్చు. కానీ “తగ్గుతోంది” అన్న మాట కనబడగానే మోడల్ “ఇప్పుడు ప్రయాణం సురక్షితమే” అని ఓదార్చడానికి సిద్ధంగా ఉంటుంది. దానికి మర్యాద ఎక్కువ, ఎదుటి మనిషికి ఊరట కలిగించాలని చూస్తుంది. అందుకని ఇంకో వాక్యం: “రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో ఈ టూల్ చెప్పదు. ప్రయాణం గురించి అడిగితే మట్టం చెప్పి, స్థానిక అధికారులని అడగమని చెప్పాలి.”

మూడోది ఇంకా మంచి ప్రశ్న. “ఆ మీటర్ల లెక్క ఎందుకు రా అసలు? నువ్వే దాన్ని వాడొద్దని మూడు ముక్కలు రాసినావు, మళ్లీ నువ్వే ఇస్తావుంటివి.” దీనికి వాదించడానికేం లేదు. కోడ్‌లోనే 107 తీసేసి గేజ్ అడుగులు మాత్రమే ఇస్తే డిస్క్రిప్షన్‌లో ఆ వాక్యాలే అక్కర్లేదు. మీటర్ల ఫీల్డ్ తీసేశాం. ఫీల్డ్ పేరు కూడా ఉత్త ‘మట్టం’ అని కాకుండా ‘భద్రాచలం గేజ్ అడుగులు’ అని పెట్టాం. డిస్క్రిప్షన్‌లో జాగ్రత్తలు ఎక్కువవుతున్నాయంటే చాలాసార్లు రోగం టూల్‌లోనే ఉంటుంది.

పేరు చూసి మోసపోవడం

రైల్వే వాళ్ల దగ్గర దీనికి మంచి ఉదాహరణ ఉంది. ‘భద్రాచలం రోడ్’ అనే స్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగి ఇంకో నలభై కిలోమీటర్ల దాకా రోడ్డు మీద పోవాలి. పేరులో ‘రోడ్’ అని ఉంటే “ఊరు ఇది కాదు, ఊరికి దారి ఇక్కడ నుంచి” అని రైల్వే భాషలో అర్థం. శ్రీకాకుళం రోడ్ కూడా అంతే, అది ఆమదాలవలసలో ఉంది. మనకి తెలుసు కాబట్టి నడిచిపోతోంది. టికెట్లు బుక్ చేసే ఏజెంట్‌కి “భద్రాచలం రోడ్ స్టేషన్‌కి రైళ్లు చూపిస్తుంది” అని మాత్రమే చెప్తే, అర్ధరాత్రి సామానుతో దిగిన ముసలాయన గోదారి ఎటు అని వెతుక్కోవాలి.

ఊరి పేరుకి జిల్లా కలిపితే సమస్య తీరుతుందా అంటే, మా దగ్గర అదీ తీరదు. భద్రాచలం 2016 అక్టోబర్ 11 దాకా ఖమ్మం జిల్లాలో ఉంది, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. 2014లో చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. ఎటపాక భద్రాచలం పట్టణానికి ఆనుకునే ఉంటుంది కానీ రాష్ట్రం వేరు. ‘జిల్లా’ అని పారామీటర్ పెట్టేటప్పుడు ఏ ఏడాది హద్దులో చెప్పకపోతే, పాత పేజీలు చదివి పెరిగిన మోడల్ భద్రాచలాన్ని నమ్మకంగా ఖమ్మంలోనే వెతుకుతుంది.

మిర్చి ధర సంగతి మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది, మనలో చాలామంది ఫీజులు ఆ పంట మీద కట్టినవే. ఖమ్మం మార్కెట్ తేజ రకానికి పేరున్న మార్కెట్. పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. అందులో పలికిన ధరే మధ్యాహ్నానికి వాట్సాప్‌లో తిరుగుతుంది. కానీ అది ఆ రోజు మేలు సరుకుకి పలికిన పై ధర. అందరి బస్తాలకీ అది రాదు. ప్రభుత్వ మార్కెట్ సమాచారంలో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు ఉంటాయి, అన్నీ క్వింటాకి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. (తెలుగులో రాస్తే ఈ మోడల్, ఏఐ మోడల్ ఒకేలా కనిపిస్తాయి. నేనేం చేయలేను.) దీనికి తోడు కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ మిర్చి ధర వేరు, కళ్లం నుంచి నేరుగా వచ్చిన కొత్త మిర్చి ధర వేరు.

ఇప్పుడు ‘ధర ఇస్తుంది’ అనే టూల్ ఈ నాలుగైదింటిలో ఏది ఇస్తోంది? “ఈ రోజు తేజ ఎంతుంది, బండి కట్టొచ్చా?” అని రైతు అడిగితే, ఏజెంట్ జెండా పాట ధర చెప్పి కట్టండి అందనుకోండి. ఆటో కిరాయి, హమాలీ ఖర్చు పెట్టుకుని వచ్చిన మనిషి సాయంత్రం దాకా యార్డులో కూర్చుని తక్కువకి అమ్ముకుని పోవాలి. ఇక్కడ డిస్క్రిప్షన్‌లో ఉండాల్సింది ఒక్క గట్టి వాక్యం: “ఒకే అంకె చెప్పాల్సి వస్తే మోడల్ ధర చెప్పాలి. జెండా పాట ధరని ఆ పేరుతోనే, పై ధర అని వివరించి మాత్రమే చెప్పాలి.” తేదీ కూడా. మార్కెట్‌కి సెలవు ఉన్న రోజున నిన్నటి ధరని ఈ రోజుదిగా చెప్పకూడదు.

చాటింపు వేసే టూల్

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చూసి చెప్పే టూల్స్. చేసే టూల్స్ ఇంకో జాతి. “హెచ్చరిక సందేశం పంపుతుంది” అని రాశారనుకోండి. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది కదా, అదే ఇక్కడ కొంప ముంచుతుంది. ఎవరికి పంపుతుంది? అడిగిన ఒక్కరికా, లిస్టులో ఉన్న అందరికా? పంపాక వెనక్కి తీసుకోవచ్చా? డ్రాఫ్ట్ మాత్రమే తయారు చేస్తుందా? ఊళ్లో డప్పు చాటింపు వేసే మనిషికి ఈ గొడవ లేదు. “ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా” అని ఎవరికో మొదటే చెప్పేస్తాడు. తర్వాత ఏంటి, ఎప్పుడు, ఎక్కడ అని చెప్పి ముందుకు పోతాడు. వినేవాడు ఏ గుమ్మంలో ఉన్నాడో తనకి తెలియదు కాబట్టి, ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడం ఆ వృత్తిలోనే ఉంది. నాకు తెలిసిన మంచి టూల్ డిస్క్రిప్షన్ నమూనా అదే.

ఒక్క జాగ్రత్త. “మనిషి ఒప్పుకోకుండా పంపొద్దు” అని డిస్క్రిప్షన్‌లో రాసి ఊరుకుంటే అది తాళం కాదు, తలుపు మీద అంటించిన కాగితం. మోడల్ చాలాసార్లు పాటిస్తుంది. ఎప్పుడో ఒకసారి పాటించదు. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఇది చదివే టూల్, ఇది మార్చే టూల్ అని గుర్తులు పెట్టే వీలుంది, కానీ అవి కూడా సూచనలే. నిజమైన అడ్డు కోడ్‌లో ఉండాలి. పంపే ముందు మనిషి నొక్కాల్సిన బటన్ ఒకటి ఉండాలి.

టూల్ ఫెయిలైనప్పుడు ఇచ్చే జవాబు కూడా డిస్క్రిప్షన్‌లో భాగమే అనుకోండి. కరెంటు పోయి, నెట్ పోయి గేజ్ లెక్క రాకపోతే చాలా కోడ్‌లు సున్నా ఇస్తాయి. ఏజెంట్ దాన్ని “గోదావరి సున్నా అడుగులు” అని చదువుతుంది, నది ఎండిపోయినట్టు. పెద్ద వరదలో కరెంటు, నెట్ మొదటే పోతాయి, అంటే అబద్ధం సరిగ్గా అవసరమైన రోజునే వస్తుంది. దాని బదులు “సాయంత్రం 6 తర్వాత కొలత అందలేదు. చివరి కొలత 50.2 అడుగులు, పెరుగుతోంది. ఇప్పటి మట్టం తెలియదని చెప్పండి” అని వాక్యంలో ఇస్తే మోడల్ అదే చెప్తుంది.

ఎంత పొడుగు, ఏ భాష

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మాది, కాబట్టి ప్రబంధాల గురించి నేను మాట్లాడకూడదు. అయినా ఈ క్లబ్‌కి వచ్చాక తెలిసిందేంటంటే, డిస్క్రిప్షన్‌కి తెలుగు మాట వెతికితే ముందు దొరికేది ‘వర్ణన’, ఆ మాట వెనకాలే అష్టాదశ వర్ణనలు వస్తాయి. పురం, సముద్రం, సూర్యోదయం, అన్నీ. టూల్‌కి అది పనికిరాదు. “అత్యాధునికమైన, శక్తివంతమైన వరద సమాచార వేదిక” అని రాస్తే మోడల్‌కి ఒక్క ముక్క తెలియదు, పైగా ప్రతిసారీ ఆ మాటలన్నీ దాని ముందు పరచాలి. టూల్స్ ముప్పై ఉంటే ముప్పై డిస్క్రిప్షన్లూ ప్రశ్న కంటే ముందే వెళ్లి కూర్చుంటాయి. వాటికి టోకెన్లు ఖర్చవుతాయి, తెలుగు లిపికి మామూలుగా ఇంగ్లీష్ కంటే ఎక్కువే ఖర్చవుతాయి.

అందుకని నేను వాక్యాలు ఇంగ్లీషులో రాసి, జనం వాడే మాటల్ని మాత్రం తెలుగు లిపిలో అలాగే ఉంచుతున్నా: జెండా పాట, ఏసీ మిర్చి, కరకట్ట, మొదటి ప్రమాద హెచ్చరిక. అడిగేవాళ్లు ఆ మాటలతోనే అడుగుతారు, ఇంగ్లీష్ డిక్షనరీలో వెతికి అడగరు. కానీ రాసే ముందు ఒకసారి మొత్తం తెలుగులో రాసి చూసుకుంటా. ఇంగ్లీషులో ‘లెవెల్’ అని రాస్తే చేయి ఆగదు. తెలుగులో రాస్తుంటే మట్టమా, లోతా, ఎత్తా అని ఆగి తేల్చుకోవాల్సి వస్తుంది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇది కొంచెం వింతగానే ఉంది.

మీరు చేయడానికి ఒకటి ఇస్తా. ఖమ్మం నుంచి భద్రాచలం బస్సులు చెప్పే టూల్‌కి డిస్క్రిప్షన్ రాయండి, పది వాక్యాలు దాటకుండా. బస్సులు కొత్తగూడెం, పాల్వంచ మీదుగా పోతాయి. ఎక్స్‌ప్రెస్ వేరు, పల్లెవెలుగు వేరు. శ్రీరామనవమికి స్పెషల్స్ వేస్తారు. వరదలప్పుడు కొన్ని ఆగిపోతాయి. ఏజెంట్‌కి వచ్చే ప్రశ్న ఇది: “పొద్దున్నే రాములోరి దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇంటికి రావాలి, ఎన్నింటికి బయల్దేరాలి నాయనా?” రాసి క్లబ్ గ్రూప్‌లో పెట్టండి. చదివి జవాబు చెప్పేది మా అనంతపురం వాడే, వాడు ఇంతవరకూ ఆ రూట్‌లో బస్సెక్కలేదు.